దొరల ఓడ ముంచిన తాత

పేజీలో చోటు చాలకపోతే వార్తను కింది నుంచి కోస్తారు. ముఖ్యమైంది పైన ఉంటుంది, కిందికి వెళ్లేకొద్దీ పోయినా ఫర్వాలేనిది ఉంటుంది. మా కాలంలో డెస్కులో కొత్తగా చేరినవాడికి మొదటిరోజు నేర్పే పాఠం ఇదే. కొత్తగా పత్రికల్లో చేరే మీరు రాసేది ఇప్పుడు ఫోన్ తెర మీద ఎంత దూరమైనా జారుతూ పోతుంది కాబట్టి ఇది పాతకాలపు ముచ్చటలా అనిపించవచ్చు. నాకు మాత్రం ఆ కోత బాగా తెలుసు. ఇరవై ఏళ్లకు పైగా ఒక తెలుగు దినపత్రికలో కూర్చుని కోసినవాణ్ని.

మా ఆవిడ నర్సు. ఆమెకు గ్లాస్గోలో ఆసుపత్రి ఉద్యోగం వచ్చినప్పుడు నేను విజయవాడలో డెస్కు వదిలేసి వెంట వచ్చాను. పత్రిక నన్ను పూర్తిగా వదల్లేదు. 'మా లండన్ ప్రతినిధి' అని పేరు పెట్టి, అప్పుడప్పుడూ ఒక ఐటెం పంపమన్నారు. మాకు లండన్ నాలుగు వందల మైళ్లు. రైలు చార్జీలకు జడిసి నేను అక్కడికి వెళ్లిందే తక్కువ. అయినా గ్లాస్గోలో కురిసిన మంచు కూడా మా పత్రికలో లండన్‌లోనే కురిసేది. ఒకసారి ఫోన్ చేసి అడిగాను.

"గ్లాస్గో అంటే మనోళ్లకేం తెలుస్తుంది గురువుగారూ? అదేదో కంటిజబ్బనుకుంటారు" అన్నాడు ఆదివారం అనుబంధం ఇన్‌చార్జి. ఒకప్పుడు నా కింద పని నేర్చుకున్నవాడు.

నవ్వి ఊరుకున్నాను. చిన్న అబద్ధాలకు నవ్వి ఊరుకోవడం మా వృత్తిలో మర్యాద కిందే లెక్క.

మా వీధి చివర రాతితో కట్టిన పాత చర్చి ఉంది. పొద్దున అక్కడివాళ్ల ఆరాధన, మధ్యాహ్నం దాన్ని ఆనుకున్న హాల్లో తెలుగువాళ్ల ఆరాధన. గుంటూరు, ఏలూరు, ఖమ్మం వైపు నుంచి వచ్చిన నర్సులు, కేర్ హోముల్లో పనిచేసేవాళ్లు, మాస్టర్స్ చదవడానికి వచ్చిన పిల్లలు. ఆ పిల్లల్లో దేవుడి కోసం వచ్చేవాళ్లు కొందరు, ఆరాధన తర్వాత పెట్టే కోడికూర కోసం వచ్చేవాళ్లు కొందరు. నేను ఎవరి లెక్కలోకి వస్తానో మా ఆవిడనే అడగాలి.

ఆ చర్చి తలుపులు తీసేది, హీటర్లు వేసేది, టీ నీళ్లు మరగబెట్టేది తొంభై దాటిన ఒక జర్మన్. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఖైదీగా స్కాట్లాండ్‌కు తెచ్చి పొలాల్లో బంగాళాదుంపలు తవ్వించారట. విడుదలయ్యాక ఇంటికి పోలేదు. ఇక్కడి అమ్మాయిని చేసుకుని ఉండిపోయారు. ఆ భార్య పోయి చాలాకాలం. మనవాళ్లంతా ఆయన్ను అంకుల్ అనేవాళ్లు. మా ఆవిడ మాత్రం తాతగారు అనేది. ఆ మాటకు అర్థం చెబితే ఆయన మురిసిపోయారు, ఆయనకు పిల్లల్లేరు.

ఆదివారం డ్యూటీ లేనప్పుడు ఆమె కూరగిన్నె తీసుకెళ్లి ముందు ఆయనకే పెట్టేది.

"ఈసారి కారం తగ్గించాను తాతగారూ."

"పోయినసారీ అదే చెప్పావు తల్లీ" అని కళ్లు తుడుచుకుంటూ తినేవారు.

ఏడాదిలో ఒక్క ఆదివారం మాత్రం ఆయన ఆరాధనకు లోపలికి వచ్చేవారు కాదు. నవంబరులో, యుద్ధాల్లో చనిపోయినవాళ్లను తలుచుకునే ఆదివారం. అందరూ కోటుకు ఎర్ర కాగితం పువ్వు గుచ్చుకుని వచ్చి రెండు నిమిషాలు మౌనంగా నిలబడతారు. ఆ రోజు ఆయన తలుపులు తీసి, హాల్లోకి వెళ్లి, కప్పులు సర్దుతూ ఉండిపోయేవారు. దశాబ్దాలుగా అదే వరస. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. కోవిడ్‌కు ముందటి ఏడాది, చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ అడిగింది. "ఈసారి లోపల మాతో కూర్చోండి" అని. ఆలోచించుకుంటానన్నారు.

ఆ ఆలోచన మోసుకుని ఒక సాయంత్రం మా ఫ్లాట్‌కు వచ్చారు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని, నన్ను చూసి, "నువ్వు పేపర్‌కు రాస్తావు కదా" అన్నారు.

ఆయన పనిచేసింది ప్రింట్స్ ఆయిగెన్ అనే హెవీ క్రూజర్‌లో. యుద్ధనౌకల్లో అతి పెద్దవాటికి ఒక మెట్టు కిందిది. బిస్మార్క్ అనే పెద్ద నౌకతో కలిసి వెళ్లి, బ్రిటన్‌వాళ్లు ప్రాణంగా చూసుకునే హుడ్ అనే నౌకను ముంచిన దాడిలో అదీ ఉంది. అయితే ఆయన చేరింది ఆ తర్వాత రెండేళ్లకు పైనే. అప్పటికి ఆ నౌక ఘనకార్యాలు అయిపోయాయి. బాల్టిక్ సముద్రంలో తీరం వెంట తిరుగుతూ, ఓడిపోతున్న సైన్యానికి అండగా ఫిరంగులు పేల్చడమే మిగిలింది.

"ఒక సాయంత్రం పొగమంచు" అన్నారు ఆయన. "ఎదురుగా మా జర్మన్ నౌకే ఇంకొకటి ఆగి ఉంది. లైప్‌జిగ్. మా ఓడ దాన్ని నడుముకు అడ్డంగా గుద్దింది. గొడ్డలి మొద్దులో దిగినట్టు దిగిపోయింది. మర్నాటిదాకా రెండూ విడిపోలేదు. నాకు పద్దెనిమిదేళ్లు. తాళ్లూ దుప్పట్లూ ఇచ్చి కొందరిని ముందుకు పంపారు. అందులో నేనొకణ్ని. వంగిపోయిన ఇనుము లోపలి నుంచి ఎవరో కొడుతున్నారు. టక్ టక్ అని. మావాడొకడు సుత్తితో తిరిగి కొట్టాడు, ఇక్కడున్నాం అని చెప్పడానికి. అంతకంటే ఏం చెయ్యడానికీ లేదు. తెల్లారేసరికి లోపలి చప్పుడు ఆగిపోయింది."

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"శత్రువుల్లో ఎవర్ని చంపానో నాకు తెలియదు. దూరం నుంచి పేల్చేవాళ్లకు తెలియదు. కానీ ఆ లోపలివాళ్లు మావాళ్లు. ఆ ఆదివారం నేను నిలబడితే వాళ్ల కోసం నిలబడాలి. ఇక్కడివాళ్లకు చెబితే జాలి అడుక్కున్నట్టుంటుంది. నువ్వు మీ భాషలో రాయి. ఎక్కడో దూరాన, ఒక కాగితం మీద ఉంటే చాలు. అప్పుడు లోపలికి వెళ్లి కూర్చుంటాను."

అడగడం అంతే అడిగారు. మా ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని వీధి దాకా దిగబెట్టి వచ్చింది. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషంగా ఉంది. మంచి ఐటెం దొరికింది.

రాయడానికి కూర్చుంటే ముసలాయన కంటే నౌకే ముందుకొచ్చింది. అది మామూలు నౌకా? హుడ్‌ను ముంచిన దాడిలో ఉంది. పట్టపగలు ఇంగ్లిష్ చానల్లో బ్రిటిష్‌వాళ్ల ముక్కు కింద నుంచి దూసుకుపోయింది. టార్పెడో తగిలి వెనకభాగం విరిగినా బతికింది. యుద్ధం అయ్యాక అమెరికన్లు పట్టుకుపోయి అణుబాంబు పరీక్షలో పెడితే, దానికీ వెంటనే మునగలేదు. ఇలాంటి నౌకను ఏ డెస్కూ కాదనదు. ఇక పొగమంచులో సొంత నౌకను గుద్దడం అంటారా, తెనాలిలో కాఫీ తాగుతూ అనుబంధం తిరగేసేవాడికి లైప్‌జిగ్ ఎవరు, దాని గొడవేమిటి?

అబద్ధం ఒక్కటీ రాయలేదు. 'ఆ నౌకలో పనిచేసిన నావికుడొకరు నేడు మన తెలుగువారికి టీ కాచి పోస్తున్నారు' అని మొదలుపెట్టి, నౌక చరిత్ర అంతా ఆయన ముఖం చుట్టూ అల్లుకుంటూ వెళ్లాను. ఆయన ఎప్పుడు చేరిందీ పైన చెబితే కథ అక్కడే చల్లారిపోతుంది. అందుకని అది, పొగమంచు, ఇనుము లోపలి చప్పుడు, అన్నీ కలిపి చివరి రెండు పేరాల్లో పెట్టాను. శీర్షిక కూడా నేనే పంపాను. 'దొరల ఓడ ముంచిన తాత.' డెస్కులో నాకు శీర్షికల మనిషని పేరుండేది.

చివరివి పోతాయని తెలియదా అంటే, తెలుసు. ఆదివారం అనుబంధం కదా, చోటు ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకోవడం హాయిగా ఉంది కాబట్టి అనుకున్నాను.

ఐటెం ఆ నవంబరు ఆదివారమే వస్తుందని ఆయనకు చెప్పాను. ఆ పొద్దున ఆయన బూడిదరంగు సూటు వేసుకుని వచ్చారు. పువ్వు కోటుకు పెట్టుకోలేదు, చేతిలో పట్టుకున్నారు. చివరి బెంచీలో నాకూ మా ఆవిడకూ మధ్య కూర్చున్నారు. మౌనం పాటించే సమయానికి మా ఆవిడ ఆయన మోచేయి పట్టుకుని లేపింది. అందరితో పాటు నిలబడ్డారు. ఎవరి కోసం నిలబడ్డారో ఆ చర్చి మొత్తంలో మా ఇద్దరికే తెలుసు.

ఆరాధన అయ్యాక ముందు వరసలోంచి ఒక పెద్దావిడ వచ్చారు. వాళ్ల నాన్న హుడ్‌తో పాటు మునిగిపోయాడు. అప్పటికి ఈవిడ ఉయ్యాలలో పిల్ల. ఏటా పూలచక్రం పెట్టేది ఆవిడే. మా బెంచీ దగ్గర ఆగి, ఆయన భుజం మీద చెయ్యి వేసి, "వచ్చావు, మంచిపని చేశావు" అని హాల్లోకి వెళ్లారు. ఆయన ముఖం విప్పారింది. అలవాటు కొద్దీ తానూ హాల్లోకి వెళ్లి టీ కెటిల్ అందుకున్నారు.

అప్పటికే మనవాళ్లు రావడం మొదలైంది. పత్రిక మన దేశపు టైము ప్రకారం ముందే వచ్చేసింది. నా ఫోన్ ఆరాధన కోసం ఆపి ఉంది. మిగిలిన అందరి ఫోన్లకూ వాట్సాప్ గ్రూపులో ఆ పేజీ చేరిపోయింది. వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు, మంచివాడు, అన్నం కుక్కర్లు మోసేది ఎప్పుడూ వాడే, చేతులు చాపుకుంటూ ఆయన దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, మీరు లెజెండ్! హుడ్‌ను ముంచింది మీరేనంట కదా!" అన్నాడు ఇంగ్లిష్‌లో, హాలంతా వినబడేలా.

చప్పట్లు మొదలయ్యాయి. ఇద్దరు ముగ్గురు సెల్ఫీకి పక్కన చేరారు. "బ్రిటిషోళ్లకు మస్తు షాకిచ్చిండ్రు అంకుల్" అని ఒకడు. "హిట్లర్ టైమ్‌లో డిసిప్లినే వేరు" అని ఇంకొకడు. ఎవరి గొంతులోనూ ద్వేషం లేదు. క్రికెట్ గెలిచినప్పుడు ఉండే సంబరం, అంతే.

పెద్దావిడ ఆయన ఎదురుగానే కప్పు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆవిడ ఆయన వంక చూడలేదు. ఒక్కొక్క కుర్రాడి ముఖమే చూశారు. ఆ తర్వాత కప్పు బల్ల మీద పెట్టి, కోటు తగిలించిన చోటికి నడిచారు.

'నేనక్కడ లేను' అని ఆయన ఒక్కమాట అంటే సరిపోయేది. అనలేదు. నేను అన్నా సరిపోయేది. "చెప్పండి! ఏవండీ, చెప్పండి!" అని మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

నేనేం చేశానో చెప్పమంటారా? ఫోన్ తీశాను. ఎంత కోశారో చూద్దామని. పేజీ తెరిచి కిందికి జరిపి చూశాను. చివరి రెండు పేరాలూ లేవు. వాటి చోట ఒక అపార్ట్‌మెంట్ల ప్రకటన ఉంది. హాల్లో నేను తీసిన ఫోటోలో ఆయన చేతిలోని టీ కెటిల్‌ను కత్తిరించి, వెనకాల స్వస్తిక జెండాతో యుద్ధనౌక బొమ్మ అతికించారు. తలెత్తేసరికి పెద్దావిడ లేరు. ఆయన కెటిల్ కింద పెట్టి పక్క తలుపులోంచి వెళ్లిపోయారు.

మా ఆవిడ ఆ కుర్రాడిని పట్టుకుని ఆ పెద్దావిడ తండ్రి సంగతి చెప్పింది. వాడి ముఖం పాలిపోయింది. నా దగ్గరికి వచ్చి ఫోన్ చూపించాడు.

"మీరు రాసిందే కదా అంకుల్ నేను చదివింది. దాంట్ల నా తప్పేముంది?"

ఆ రాత్రి ఇన్‌చార్జికి ఫోన్ చేసి సవరణ వెయ్యమన్నాను.

"సవరణా? ఈ వారం మీదే టాప్ గురువుగారూ! మీరు పంపిన హెడ్డింగే కదా అది, అక్షరం మార్చలేదు నేను. కావాలంటే ఫాలోఅప్ పంపండి, 'హుడ్ వీరుడి కన్నీటి కోణం' అని. వేస్తాను."

సవరణ కంటే ఫాలోఅప్ బాగుంటుందని వాడికి నేర్పింది కూడా నేనే అయ్యుంటాను.

ఆయన చర్చికి రావడం మానేశారు. తలుపులు వేరెవరో తీస్తున్నారు. హీటర్లు వెయ్యడం ఎవరికీ సరిగ్గా తెలియక, మన ఆంటీలు శాలువాలు కప్పుకుని కీర్తనలు పాడారు. నేను ఆయన ఫ్లాట్‌కు వెళ్లాను. తలుపు తియ్యరేమో అనుకున్నాను. తీశారు, కూర్చోమన్నారు.

"మీరప్పుడు ఆ నౌకలో లేరని నేనే అందరికీ చెబుతాను" అన్నాను.

"వద్దు" అన్నారు. "ఖైదీల క్యాంపులో మమ్మల్ని కూర్చోబెట్టి ఒక సినిమా చూపించారు. మావాళ్లు యూదుల్ని చంపిన క్యాంపుల్లో శవాల గుట్టలు. బయటికొచ్చాక ప్రతివాడూ ఒకటే మాట, నేనక్కడ లేను అని. నేనూ అన్నాను. నిజంగానే లేను. అయినా ఆ మాట అందరి నోళ్లలో తిరిగి తిరిగి ఎలా అయిపోయిందంటే, ఇంకెప్పుడూ అనకూడదనుకున్నాను. నా తరఫున నువ్వూ అనొద్దు."

మళ్లీ ఆయనే అడిగారు. "ఆ పొగమంచు సంగతి రాశావా?"

"రాశాను. కోసేశారు."

"చోటు చాలలేదా?"

ఎగతాళి కాదు. నిజంగానే అడిగారు. అవునన్నాను. పత్రికల్లో అలా జరుగుతుందని ఒప్పుకున్నవాడిలా తలూపారు. నన్ను నాలుగు తిట్టి ఉంటే ఆ మెట్లు కొంచెం తేలిగ్గా దిగేవాణ్ని.

మా ఆవిడ నాతో అవసరమైనంతవరకే మాట్లాడుతోంది. ఒకరోజు షిఫ్టుకు బయల్దేరుతూ, "మీరు వెళ్లి ఆ పెద్దావిడతో చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అంది. నేనే వెళ్లాను. దారంతా వాక్యం సరిచూసుకుంటూ వెళ్లాను, సవరణ రాసినట్టే, రెండు ముక్కల్లో. ఆయన చెప్పొద్దన్నారు కదా అనుకుంటూనే.

ఆవిడ నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"ఆయన అప్పుడు ఆ ఓడలో లేడని నాకు తెలుసు. ఆయన పెళ్లయిన కొత్తలో మా అమ్మ వాళ్లిద్దర్నీ టీకి పిలిచింది. ఏ ఓడో, ఎప్పుడు చేరాడో మా అమ్మకు చెప్పి, తనను ఉండమంటుందో పొమ్మంటుందో విన్నాకే కుర్చీలో కూర్చున్నాడు. అది కాదు నేను అడగాలనుకున్నది. ఆ పిల్లలకు ఎందుకంత సంతోషం?"

ఏదో చెప్పబోయాను. బ్రిటిష్‌వాళ్లు మమ్మల్ని ఏలారు, అందుకని వాళ్లు ఎక్కడ దెబ్బతిన్నా మావాళ్లకు ఒక రకమైన...

"మా నాన్న ఎవర్నీ ఏలలేదు" అన్నారు ఆవిడ. "ఓడ అడుగున బాయిలర్ దగ్గర పనిచేసేవాడు."

గోడ మీద ఫోటో ఉంది. నావికుడి టోపీలో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల మనిషి. నేను దాని వైపు ఎక్కువసేపు చూడలేకపోయాను.

"వాళ్లు సంతోషపడేట్టు నేను రాశాను" అన్నాను. "అది చదివి సంతోషపడ్డారు. నేను రాసింది బాగా పనిచేసింది, అంతే. పిల్లల తప్పేం లేదు."

ఆవిడ ఒప్పుకోలేదు, కొట్టిపారెయ్యనూ లేదు. "మరి ఆయన ఎందుకు రావడం లేదు? నేను కోపగించుకున్నాననుకుంటున్నాడా?"

"అనుకుంటున్నారు."

"పిచ్చి మనిషి. ఆ నవ్వుల మధ్య నిలబడలేక వెళ్లిపోయాను నేను." లేచి కోటు తొడుక్కున్నారు. నేనూ లేచాను. ఆయన ఇంటికి దారి అటే కాబట్టి తోడు వెళ్దామనుకున్నాను. ఆవిడ బొత్తాలు పెట్టుకుంటూ నా వైపు చూశారు.

"మీరు రావద్దు."

మాటలో కసురు లేదు. తలుపు పట్టుకుని, ముందు నన్ను వెళ్లనిచ్చి, తాళం వేసుకుని రెండోవైపుకు నడిచారు.

తర్వాతి ఆదివారం ఆయన చర్చికి వచ్చారు. నేను వెళ్లలేదు. మా ఆవిడ వెళ్లొచ్చి, గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ చెప్పింది. ఆయన ఆ పెద్దావిడ పక్కనే కూర్చున్నారట. టీ కాయనివ్వకుండా ఆవిడే ఆయనకు కప్పు తెచ్చి ఇచ్చారట. ఇద్దరూ హాల్లో ఒక మూల కుర్చీలు వేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారట. ఆయన బల్ల మీద వేలితో టక్ టక్ అని కొట్టి ఏదో చూపిస్తుంటే, ఆవిడ ఆ చేతిని పట్టుకున్నారట.

"ఏం మాట్లాడుకున్నారు?" అని అడిగాను.

మా ఆవిడ రెండో బూటు విప్పడం ఆపి తలెత్తింది.

"ఎందుకండీ? అదీ రాద్దామనా?"